కంపల్సరీ మేడం

మా కాలేజీ నోటీసు బోర్డు మీద సంతాప సభ అని ఒక కాగితం అంటించారు. ఆమె పేరు రాశారు. పేరు కింద "మాజీ అతిథి ఉపన్యాసకురాలు" అని రాశారు. ఆ కింద "విభాగం" అని రాసి, పక్కన ఏమీ రాయకుండా వదిలేశారు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయిని అడిగాను, ఇదేందమ్మా అని. "ఆ మేడం ఏ డిపార్ట్‌మెంటో ఎవరికీ తెల్వదంట మేడం. ప్రిన్సిపాల్ సార్ గట్లనే ఉండనియ్యమన్నరు" అంది. ఆ పిల్లదేం తప్పు? ఆమె వెళ్ళిపోయాక ఉద్యోగంలో చేరిన పిల్ల. తెలిసినవాళ్ళు మాత్రం ఆ కాగితం ముందు నిలబడి, "అయ్యో పాపం, మంచి మనిషి" అని నాలుక చప్పరించి, టీ తాగడానికి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె పేరు నేను ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ ఆ పేరు పలకనివాళ్ళు ఇవాళ మైకు పట్టుకుని పలుకుతుంటే ఇక నేనెందుకు రాయాలి? పిల్లలు ఆమెను కంపల్సరీ మేడం అనేవాళ్ళు. అదే ఉండనీ.

ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. మా దగ్గర డిగ్రీ చదివే ప్రతివాళ్ళూ, ఆర్ట్స్ అయినా కామర్స్ అయినా సైన్స్ అయినా, సొంత సబ్జెక్టులతో పాటు ఒక ఏడాది భారత రాజ్యాంగం, ఒక ఏడాది పర్యావరణం చదివి తీరాలని యూనివర్సిటీ నియమం. ఆ మార్కులు ఫస్టు క్లాసు లెక్కలో కలవవు, ర్యాంకులో కలవవు. అయితే పాస్ కాకపోతే డిగ్రీ చేతికి రాదు. లెక్కలు మాత్రమే తెలిసినవాడు, అకౌంట్లు మాత్రమే తెలిసినవాడు సగం మనిషిగా బయటికి పోకూడదని ఎవరో ఆలోచించి పెట్టిన నియమం. మంచి ఆలోచనే. పెట్టినవాళ్ళు పెట్టి చేతులు దులుపుకున్నారు. దానికి ఒక పోస్టు ఇవ్వలేదు, ఒక గది ఇవ్వలేదు. మా రాయచూర్ కాలేజీలో ఆ రెండు పేపర్లనూ ఆమె నెత్తిన పెట్టి, ఏటా జూన్‌లో రమ్మని, మార్చిలో ఇక చాలని చెప్పి, పీరియడ్ లెక్కన జీతమిచ్చి ఏళ్ళ తరబడి నడిపించారు.

నేను కామర్స్ చెప్తాను. మాది పాత రాయచూర్, తీన్ కందీల్ దగ్గర మా నాన్నకు గాజుల దుకాణం ఉండేది. ఆమెది సింధనూరు తాలూకాలో గోరేబాళ దగ్గర ఒక క్యాంపు, అంటే ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కాలువ కింద కట్టుకున్న ఊరు. కాలువ నీళ్ళొచ్చిన కొత్తలో తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, భూములు కొని వరి వేసిన కుటుంబం. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం ఆ ఊళ్ళదే. "ఏంటమ్మాయ్ నీ తెలుగు? సగం ఉర్దూ, సగం కన్నడం. ఇంక తెలుగెక్కడుందీ ఇందులో?" అని నన్ను ఏడిపించేది. "నీది రేడియో తెలుగక్కా. వార్తలు చదివినట్టుంటది" అని నేను అనేదాన్ని. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది. ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. శనివారం సాయంత్రం బస్సెక్కి క్యాంపుకు పోయి, సోమవారం పొద్దున గోంగూర పచ్చడితో దిగేది.

మా స్టాఫ్ రూములో బల్లలు డిపార్ట్‌మెంట్ల వారీగా ఉంటాయి. కామర్స్ బల్ల, ఫిజిక్స్ బల్ల, కన్నడం బల్ల. ఆమెకు బల్ల లేదు, కుర్చీ లేదు. కిటికీ గట్టు మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని నిలబడి తినేది. నేను చేరిన మొదటి వారం చూసి ఊరుకోలేక, "వచ్చి ఇక్కడ కూసో రాదక్కా" అన్నాను. "ఆ కుర్చీ ఎవరిదో వాళ్ళొస్తారు. నేను ముద్ద నోట్లో పెట్టుకుంటూ లేచి నిలబడాలి. ఎందుకొచ్చింది? ఇక్కడ బానే ఉంది" అంది. అప్పటికే ఎన్నిసార్లు లేచి నిలబడిందో నాకు అర్థమైంది. ఆ మధ్యాహ్నమే స్పోర్ట్స్ రూములోంచి ఒక కుర్చీ లాక్కొచ్చి కిటికీ దగ్గర వేశాను. ఒక చెయ్యి ఊగుతుంటుంది, అయినా కుర్చీయే కదా. అటెండర్ వెనకాలే వచ్చి, "స్పోర్ట్స్ సార్ అడుగుతడు మేడం" అన్నాడు. "అడగనీ. నా దగ్గరికి పంపు" అన్నాను. స్పోర్ట్స్ సార్ వచ్చాడు, నా మొహం చూశాడు, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఇంకొకటి చెప్తే మీరు నమ్మరు. సుద్దముక్కల డబ్బాలు కూడా డిపార్ట్‌మెంట్ల వారీగానే ఇస్తారు. ఈమెకు డిపార్ట్‌మెంట్ లేదు కాబట్టి సుద్దముక్కలూ లేవు. పొద్దున క్లాసులు అయిపోయిన గదుల్లోకి వెళ్ళి, బోర్డు కింద పడున్న ముక్కలు ఏరి చేతిసంచీలో వేసుకునేది. నా డబ్బా ఇస్తే తీసుకునేది కాదు. "ఆఫీసులో అడిగాను. ఇస్తామన్నారు" అనేది. ఇస్తామన్నవాళ్ళు ఇస్తూనే ఉన్నారు, ఆమె ఏరుకుంటూనే ఉంది. అడగాల్సింది గట్టిగా అడిగితే ఏం పోయేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ మెత్తదనం మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

క్లాసులో మాత్రం మెత్తదనం మచ్చుకైనా ఉండేది కాదు. సైకిల్ స్టాండ్ పక్కన రేకుల షెడ్డు ఒకటుంది. అన్ని గ్రూపులవాళ్ళనూ అందులో కలిపి కూర్చోబెట్టేవాళ్ళు. మధ్యాహ్నం భోజనం కాగానే మొదటి పీరియడ్. రాయచూర్ ఎండ తెలిసినవాళ్ళకు ఆ షెడ్డు గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆమె కొంగు నడుముకు బిగించి, దుమ్ము పట్టిన బల్లను డస్టర్‌తో తనే తుడుచుకుని మొదలుపెట్టేది. క్లాసు చెప్పేది కన్నడంలోనే అయినా, ఎవడు ఏ భాషలో అల్లరి చేస్తే ఆ భాషలోనే తిట్టేది. తెలుగువాడికి తెలుగు, మోమిన్‌పుర పిల్లలకు దక్కనీ ఉర్దూ. నా క్లాసు గది ఆ షెడ్డుకు ఆనుకునే ఉంటుంది. ఆమె గొంతు ముందు నా డెబిట్లూ క్రెడిట్లూ వినపడేవి కావు.

కరెంటు పోయి ఫ్యాన్లు ఆగేవి. ఆ రోజు పాఠం అక్కణ్ణించే మొదలు. "మన జిల్లాలోనే కరెంటు పుడుతోంది. మన నెత్తి మీద ఫ్యాను తిరగట్లేదు. ఎందుకో చెప్పండి చూద్దాం" అనేది. ఎవడో లేచి, "గది బెంగుళూర్ పోతది మేడం" అనేవాడు. "నువ్వు చూశావా?" "లేదు మేడం. బుక్కుల ఉంది." అప్పుడు ఆమె తన మాట అనేది. "పుస్తకంలో ఉన్నది పుస్తకానికి తెలుసులే నాయనా. నువ్వేం చూశావో చెప్పు." ఈ మాట రోజుకెన్నిసార్లు అనేదో. పిల్లలు క్యాంటీన్‌లో ఆమె గొంతుతో అనుకరించి నవ్వుకునేవాళ్ళు. అనుకరించేవాళ్ళు కూడా ఆ మరుసటి వారం సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలబడి, లోపలున్న లైన్‌మన్‌ను ప్రశ్నలు అడుగుతూ కనిపించేవాళ్ళు.

ఒకసారి గొడవ పెద్దదయింది. కాలువ చివరి ఊళ్ళ నుంచి వచ్చే ఒక పిల్లాడు లేచి, క్యాంపుల నుంచి వచ్చే ఆడపిల్లల వైపు చెయ్యి చూపించి అరిచాడు. "మీ క్యాంపోళ్ళే నీళ్ళన్ని పైన్నే ఆపుకుంటరు. మా ఊరి కాలువల మేకలు పండుకుంటున్నయ్." ఒకమ్మాయి ఊరుకోలేదు. "మేమేం ఆపుకుంటాం? గేటు తాళం మా నాన్న చేతిలో ఉందా?" అంది. బల్లలు చరిచారు, ఈలలు వేశారు. నేను నా క్లాసు ఆపి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆమె కూడా క్యాంపు మనిషే కదా, ఏమంటుందో విందామని.

ఆమె ఇద్దర్నీ ముందుకు పిలిచింది. "ఆదివారం నువ్వు వాళ్ళ క్యాంపుకెళ్ళు. అమ్మాయ్, నువ్వు మీ అన్నయ్యను తోడు తీసుకుని వాళ్ళ ఊరెళ్ళు. సోమవారం వచ్చి చూసింది చెప్పండి. కొట్టుకోవాలనుంటే అప్పుడు కొట్టుకోండి" అంది.

సోమవారం నేను నా పిల్లలకు లెక్క ఇచ్చి, చెవి అటే పెట్టాను. ముందు ఆ అమ్మాయి చెప్పింది. "వాళ్ళ కాలువలో నెర్రెల్లో నా చెయ్యి పట్టిందండీ" అని, ఇంకేం చెప్పాలో తెలీక నిలబడింది. తరువాత పిల్లాడు. "మేడం, కొట్లాడ్దామనే పోయిన. వాళ్ళ నాయన కూసోబెట్టి బువ్వ పెట్టిండు. చేపల పులుసు. తినొచ్చిన." షెడ్డంతా నవ్వు. వాడు నవ్వలేదు. "గాని నీళ్ళు మాత్రం వాళ్ళే ఎక్కువ తీసుకుంటున్నరు మేడం. నేను చూసిన. గది నిజమే" అన్నాడు. అది ఆమె తండ్రి పొలం మాట, ఆమె తిన్న అన్నం మాట. "రాయి. అన్నం పెట్టారన్నదీ రాయి, నీళ్ళు తీసుకుంటున్నారన్నదీ రాయి. రెండూ చూశావుగా, రెండూ రాయాలి" అంది.

బీకాం అమ్మాయి, బీయస్సీ అబ్బాయి. ఆ షెడ్డు లేకపోతే ఆ ఇద్దరూ మూడేళ్ళలో ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళు కారు. మా కాలేజీలో అందరూ కలిసి కూర్చునే గది అదొక్కటే. దాన్నే మావాళ్ళు ఎక్స్‌ట్రా పేపరు అనేవాళ్ళు. ఏది ఎక్స్‌ట్రా? నా క్లాసులో నేర్చుకున్న అకౌంట్లు ఇవాళ కంప్యూటరే చేసి పెడుతోంది. మనిషి ఎదురుగా నిలబడి, నువ్వు తప్పు అని చెప్పి, వాడింట్లోనే అన్నం తిని రావడం ఏ కంప్యూటర్ నేర్పుతుంది?

ఇక అసలు సంగతి. పర్యావరణం పేపరులో ఫీల్డ్ వర్క్ అని ఒకటుంది. పిల్లలు ఏదైనా చోటికి వెళ్ళి, చూసి, రిపోర్టు రాసివ్వాలి. దానికి ఇంటర్నల్ మార్కులు. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపువాడు ఈ సంగతి కనిపెట్టి, రెడీమేడ్ ప్రాజెక్టులు పెట్టాడు. వెళ్ళి పేరు, రోల్ నంబరు చెప్తే చాలు, మొదటి పేజీ మార్చి స్పైరల్ బైండింగ్ చేసి చేతికిస్తాడు. ఇది అన్ని కాలేజీల్లో నడిచేదే. దాన్ని తప్పని అనుకునేవాళ్ళు కూడా ఎవరూ లేరు. పెళ్ళికార్డు అచ్చు వేయించుకున్నట్టు వేయించుకుంటారు.

ఆ ఏడు షాపువాడికి ప్రాజెక్టు బెంగుళూరు నుంచి వచ్చింది. బెంగుళూరులో ఏదో చెరువు, అందులో నురగ, ఒడ్డున అపార్ట్‌మెంట్లు, పొద్దున నడకకు వచ్చే ముసలివాళ్ళ ఇంటర్వ్యూలు. హైదరాబాద్ రోడ్డు మీద కరెంటు ప్లాంటు బూడిద లారీ వెనక స్కూటర్ నడిపి, చొక్కా నిండా బూడిదతో కాలేజీకొచ్చే మా పిల్లలు, ఒక షెడ్డు షెడ్డంతా, ఎన్నడూ చూడని ఆ చెరువు గురించి ఒకే రిపోర్టు ఇచ్చారు. చంద్రబండ నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల, ఇంకా ఇలాంటి నలుగురైదుగురు తప్ప. ఆ పిల్ల తమ పత్తి చేలో కొట్టే మందు డబ్బాలు ఖాళీ అయ్యాక ఏమవుతాయో ఒకటిన్నర పేజీ రాసింది. వాటిని కడిగి ఇళ్ళలో నీళ్ళకు వాడుతున్నారని రాసింది. అక్షర దోషాలు బోలెడు. అందరికన్నా ఎక్కువ మార్కులు దానికే పడ్డాయి.

మిగతా రిపోర్టులు పట్టుకుని ఆమె షెడ్డులోకి వెళ్ళిన రోజు నేను పని కట్టుకుని వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను.

"ఆ చెరువుకి ఏ బస్సెక్కావు బాబూ?" అంది మొదటి బల్లవాడితో.

"బెంగుళూర్ బస్సు మేడం."

"ఎక్కడ దిగావు?"

వాడు పక్కవాడి వైపు చూశాడు. "చెరువు కాడ" అన్నాడు పక్కవాడు, సాయం చేద్దామని.

"పొద్దున నడకకొచ్చిన పెద్దాయనతో మాట్లాడానని రాశావు. ఏ భాషలో మాట్లాడాడు?"

"కన్నడంల మేడం."

"తమిళాయన అని రాశావు చూడు. నీకు తమిళం వచ్చా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ కాగితాలు బల్ల మీద పెట్టి, "చూడనిది చూశామని రాసి సంతకం పెట్టారు. రేపు మీరు ఆఫీసుల్లో కూర్చుంటారు. వంతెన చూడకుండా వంతెన బాగుందని రాస్తారు. బడి చూడకుండా బడి నడుస్తోందని రాస్తారు. నేను నేర్పింది ఇదేనా?" అంది. చెరువు రాసినవాళ్ళందరికీ సున్నా వేసింది.

సున్నా అంటే పేపరు పోయినట్టే, పేపరు పోతే డిగ్రీ లేదు. ఊరు కదిలింది. తండ్రులు వచ్చారు, మామలు వచ్చారు, కరెంటు ప్లాంటులో ట్రైనింగ్‌కు పిలుస్తున్నారు, పిల్లల బతుకు పాడవుతుందని ప్రిన్సిపాల్ రూము ముందు నిలబడ్డారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. అర్థం కానిది మా ప్రిన్సిపాలే. ఆమెను పిలిచాడు. నేనూ వెంట వెళ్ళాను, పిలవకపోయినా.

"ఏన్రీ మేడం" అన్నాడు కన్నడంలో, తరువాత నా కోసమో ఏమో తెలుగులోకి దిగాడు. "ఎక్స్‌ట్రా పేపర్ల పిల్లలను ఫెయిల్ చేస్తరా? ఫిజిక్స్ సార్ చేసిండా, కామర్స్ మేడం చేసిందా? మీకొక్కరికేనా చదువు మీద ప్రేమ?"

"నేను ఫెయిల్ చెయ్యట్లేదండీ. పదిరోజులు గడువడుగుతున్నాను. ఎవరి వీధి చివరికి వాళ్ళెళ్ళి, కళ్ళతో చూసొచ్చి ఒక్క పేజీ రాయమనండి. తప్పులున్నా సరే. అందర్నీ పాస్ చేస్తాను."

"టైమ్ లేదు. మార్కులు రేపు యూనివర్సిటీకి పోవాలె."

"అయితే ఆ పాస్ మార్కుల మీద నేను సంతకం పెట్టను సార్."

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు పెట్టండి మేడం. అందరి పేపరే గదా, ఎవరు పెట్టినా నడుస్తది" అన్నాడు.

"చెప్పింది నేను గాదు, దిద్దింది నేను గాదు. నేనెట్ల పెడ్త సార్? పదిరోజులు ఇస్తే మీ సొమ్మేం పోతది?" అన్నాను. నా గొంతు బయట వరండాలోకి వినపడిందట.

సంతకం పెట్టడానికి ఒకాయన దొరికాడు. అలాంటాయన ఎక్కడైనా దొరుకుతాడు. సున్నాలన్నీ పాస్ మార్కులయ్యాయి. చంద్రబండ పిల్ల మార్కులు తగ్గి, అందరితో సమానమయ్యాయి. ఎందుకంటే అందరికీ ఒకే అంకె వేస్తే పని త్వరగా అవుతుంది కదా. నూటికి నూరు ఫలితాలని స్టాఫ్ రూములో పేడాలు పంచారు. నా బల్ల మీద పెట్టినదాన్ని నేను ముట్టుకోలేదు. చీమలు తిన్నాయి.

మళ్ళీ జూన్ వచ్చింది. టైమ్‌టేబుల్‌లో భోజనం తరువాతి పీరియడ్ అలాగే ఉంది. దాని పక్కన ఆమె పేరు లేదు, మరెవరి పేరూ లేదు. ఆమెను తీసేశామని ఎవరూ ఆమెతో అనలేదు. రమ్మని కబురు పెట్టలేదు, అంతే. చెప్పే ధైర్యం కూడా లేని మనుషులు.

ఆమె వచ్చింది. సంచీ భుజాన వేసుకుని, మామూలుగా, భోజనం వేళకు. నేను క్యాంటీన్ దగ్గర పట్టుకున్నాను.

"ఏందక్కా ఇది? పేరు లేదు, జీతం లేదు. ఎందుకొచ్చినవ్?"

"క్లాసుంది కదా."

"ఎవరిచ్చిన్రు నీకు క్లాసు?"

"పిల్లలు వచ్చి కూర్చున్నారమ్మాయ్. టైమ్‌టేబుల్‌లో ఉందని వచ్చి కూర్చున్నారు. ఇందాక చూసొచ్చాను. ఎవరూ వెళ్ళలేదు వాళ్ళ దగ్గరికి."

"వెళ్ళకపోతే వాళ్ళ ఖర్మ. ప్రిన్సిపాల్ రూముల పోయి కూసోమను ఆ పిల్లలను. అప్పుడు తెలుస్తది ఆయనకు. నువ్వు ఊరికే చెప్తుంటే ఇంకెవరు పోస్టు వేస్తరు?"

మేమిద్దరం గట్టిగా దెబ్బలాడుకుంది ఆ ఒక్కసారే. నువ్వు మెత్తగా ఉండబట్టే నీకీ గతి పట్టిందన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "సంతకం పెట్టనన్నప్పుడు నేను మెత్తగా ఉన్నానా?" అంది. "వాళ్ళు నన్ను వద్దనుకున్నారు, సరే. పిల్లలేం వద్దనలేదుగా" అని, సుద్దముక్కల కోసం పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఆమె మాటలో నిజముంది. నా మాటలోనూ ఉంది. ఇప్పటికీ నా మాటే నిజమని వాదిస్తాను. వాదించడానికి ఆమె లేదు.

నెల పైన అలా చెప్పింది. నేను తప్ప ఎవరూ గమనించలేదు. ఇది వినండి: కాలేజీ నుంచి తీసేసిన మనిషి రోజూ వచ్చి, అన్ని గ్రూపుల పిల్లలకూ గొంతెత్తి పాఠం చెప్తుంటే, ఆ పేపరును పట్టించుకునే దిక్కు లేక ఎవరికీ తెలియలేదు. చివరికి పై నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు షెడ్డు ముందు ఆగి, ఈ క్లాసు బాగా నడుస్తోంది, ఎవరీమె అని మెచ్చుకున్నారు. అలా తెలిసింది మా ప్రిన్సిపాల్‌కు. మెప్పు తను తీసుకున్నాడు. మరునాడు వాచ్‌మన్‌కు ఆర్డర్ ఇచ్చాడు.

అటెండర్ పరుగెత్తుకొచ్చి చెప్తే నేను గేటు దగ్గరికి వెళ్ళాను. వాచ్‌మన్ తల వంచుకుని, "మాఫ్ కరో మేడం, నౌక్రీ కా సవాల్ హై" అని, తన ఉద్యోగం పోతుందని మొత్తుకుంటున్నాడు. ఆమె అతన్నే ఓదారుస్తోంది. "నువ్వేం చేస్తావులే బాబా, నీ తప్పేముంది" అంటోంది. నేను గేటు తియ్యమని అరిచాను. ఆమె కమ్మీల మధ్య నుంచి నా చెయ్యి పట్టుకుంది.

"అరవకు. ఇవాళ ఇడపనూరు కుర్రాడు చెప్పాలి. వాళ్ళ ఊరి బళ్ళో నీళ్ళ ట్యాంకు కట్టి కూడా నీళ్ళెందుకు రావట్లేదో పంచాయతీలో కనుక్కుని వస్తానన్నాడు. వచ్చి కూర్చునుంటాడు. నువ్వెళ్ళి విను. ఎవరో ఒకరు వినాలి కదా."

వెళ్ళాను. ఆ పిల్లాడు నిజంగానే కనుక్కుని వచ్చాడు. పైపు వేశారట, మోటారుకు కనెక్షన్ ఇవ్వలేదట. పంచాయతీలో ఎవరితో మాట్లాడాడో, వాళ్ళు ఎలా కసిరారో, మళ్ళీ ఎలా వెళ్ళాడో చెప్పాడు. అంతా అయ్యాక, "మేడం ఎందుకు రాలే?" అన్నాడు. "గేటు కాడ ఆపిన్రు" అన్నాను. పిల్లలు లేచి పరుగెత్తారు. అప్పటికి ఆమె లేదు. గేటు దగ్గర కాసేపు అరిచి, బస్సు టైమవుతోందని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆ పీరియడ్‌లో పాఠం చెప్పేవాళ్ళెవరూ ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. పరీక్షకు వారం ముందు గైడు కొనుక్కోవడం, పాసవడం. అంతే.

సంతాప సభ ఆ షెడ్డులోనే పెట్టారు, ఇంకెక్కడా ఖాళీ లేదని. అప్పుడు సంతకం పెట్టినాయనే ఇవాళ మా ప్రిన్సిపాల్. మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఆమె జీతం కూడా ఆశించకుండా, నిస్వార్థంగా మన విద్యార్థులకు సేవ చేసిన త్యాగమూర్తి" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. లేచాను.

"జీతం ఆశించలేదని ఎవరన్నరు సార్? పేరు తీసేసిన్రు. అయినా వచ్చి చెప్తుంటే గేటు కాడ ఆపిన్రు. గది గూడ చెప్పండి మైకుల."

"కూసోండి మేడం. ఇది సందర్భం కాదు."

"మరి ఎప్పుడు సార్ సందర్భం? ఆమె ఉన్నప్పుడు కాలే, పోయినంక గూడ కాదా?"

స్టాఫ్ అంతా తల దించుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. పక్కనున్న ఫిజిక్స్ సార్ నన్ను కూర్చోబెట్టాలా వద్దా అన్నట్టు కదులుతున్నాడు. అప్పుడు వెనక బల్లల్లో ఒక పిల్ల లేచి నిలబడింది. మొదటి ఏడాది పిల్ల, ఆమెను ఎన్నడూ చూసి ఉండదు.

"సార్, ఆ మేడం చెప్పిన పేపర్ మాకు గూడ ఉంది" అంది, మెల్లగా. "టైమ్‌టేబుల్‌ల పీరియడ్ ఉంది. రోజు వచ్చి కూసుంటున్నం. ఎవ్వరు రారు. మాకెవరు చెప్తరు సార్?"

ప్రిన్సిపాల్ ఆ పిల్ల వైపు చూశాడు. వాచీ చూసుకున్నాడు. మైకు దగ్గరికి జరుపుకుని, "ఇప్పుడు దివంగతురాలి ఆత్మశాంతి కోసం అందరం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు.

కుర్చీలు చప్పుడు చేస్తూ అందరూ లేచారు. ఎంత హాయిగా తలలు వంచుకున్నారో. నేను వంచలేదు.

"సార్, పిల్ల అడిగింది" అన్నాను. "ముందు జవాబు చెప్పండి. మౌనం తర్వాత ఉందాం."

ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల నిలబడే ఉంది, ఆయన మొహం వైపే చూస్తూ.